వేటగాడు దొంగ ఎలా అయ్యాడు? ఆఫ్రికా అడవుల నుంచి మన యువతకు ఒక చరిత్ర పాఠం

ఆఫ్రికాలో ఏనుగులను, ఖడ్గమృగాలను ఎవరు చంపుతున్నారు అని అడిగితే చాలామంది వెంటనే చెప్పే జవాబు ఒకటే: అక్కడి పేదవాళ్లు. ఎందుకు చంపుతున్నారంటే ఆకలి అంటారు. ఈ జవాబులో నిజం లేకపోలేదు. పూట గడవని ఇంట్లో పుట్టిన కుర్రాడికి ఒక్క రాత్రి పనికి నెలల కూలి చేతిలో పెడతామని ఎవరైనా చెబితే వాడు అడవిలోకి వెళ్లే అవకాశమే ఎక్కువ. అయితే ఈ జవాబు కథను మధ్యలోంచి మొదలుపెడుతుంది. ఆ ఇంటికి పేదరికం ఎక్కడి నుంచి వచ్చింది? ఆ రాత్రి పనికి డబ్బు పెట్టేది ఎవరు? చివరికి జైలుకు పోయేది ఎవరు? అడవిని నమ్ముకుని బతికిన జాతుల్లో పుట్టిన మనం ఈ మూడు ప్రశ్నలూ అడిగి తీరాలి.

అందుకని ఈ సంచికలో మన యువతకు రెండు చోట్ల జరిగిన చరిత్రను పక్కపక్కన పెట్టి చెప్పాలనుకున్నాం. ఒకటి తూర్పు ఆఫ్రికాలో కెన్యా దేశపు త్సావో. రెండోది నైరుతి ఆఫ్రికాలో నమీబియా దేశపు కావోకోవెల్డ్. రెండు చోట్లా ఏనుగులున్నాయి. రెండు చోట్లా ఆ నేలను తాతల కాలం నుంచి ఎరిగిన స్థానిక జాతులున్నాయి. రెండు చోట్లా కరువు వచ్చింది. ఒక చోట వేట తెలిసినవాళ్లను పట్టుకుని జైల్లో పెట్టారు. ఇంకో చోట వాళ్లనే కాపలాకు పెట్టారు.

లైసెన్సు ఉన్న వేట, లేని వేట

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. 1890లలో ఆఫ్రికాలో పశువులకు పెద్ద ముసర రోగం సోకింది. బయటి నుంచి వచ్చిన పశువులతో ఖండంలో అడుగుపెట్టిన ఆ రోగం కొద్ది సంవత్సరాల్లో ఉత్తరాన ఇథియోపియా నుంచి దక్షిణపు కొస దాకా పాకింది. తూర్పు ఆఫ్రికాలో మందలకు మందలు చచ్చిపోయాయి. మసాయి వంటి పశుపోషకులకు మందే అన్నం, మందే ఆస్తి, మందే పెళ్లి ఓలి. మంద పోయాక కరువు, దాని వెనకే మశూచి వచ్చి ఊళ్లను ఖాళీ చేశాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఐరోపా దేశాలు ఆఫ్రికాను పంచుకుంటున్నాయి. మనుషులు చచ్చి ఖాళీ అయిన నేలను చూసి చాలామంది దొరలు దాన్ని ఎవరిదీ కాని అడవి అనుకున్నారు.

1900 మే నెలలో ఆ దేశాల ప్రతినిధులు లండన్‌లో కూర్చుని ఆఫ్రికా జంతువుల రక్షణకు ఒక ఒప్పందం రాసుకున్నారు. అప్పటికే దంతాల కోసం, సరదా కోసం తుపాకులతో ఏనుగులను విపరీతంగా చంపేశారు కాబట్టి రక్షణ అవసరమే. కానీ ఆ తర్వాత వచ్చిన చట్టాలు ఎటు మొగ్గాయో చూడండి. లైసెన్సు కొనుక్కున్నవాడు తుపాకితో కాల్చవచ్చు. వలలు, గోతులు వాడకూడదు. విషపు బాణాల మీద కూడా క్రమంగా ఆంక్షలు వచ్చాయి. అంటే దొరల పనిముట్టు చట్టం లోపల, స్థానికుల పనిముట్టు చట్టం బయట ఉండిపోయాయి. లైసెన్సు ఖరీదు ఊరి మనిషికి అందేది కాదు.

1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ తన కొడుకుతో కలిసి తూర్పు ఆఫ్రికాకు వేటకు వచ్చాడు. మ్యూజియం నమూనాల కోసమని తండ్రీకొడుకులు 500కు పైగా జంతువులను కాల్చారు. ఏనుగులు, ఖడ్గమృగాలు, సింహాలు అన్నీ అందులో ఉన్నాయి. ప్రపంచం దాన్ని సాహసయాత్ర అని మెచ్చుకుంది. అదే నేల మీద పుట్టినవాడు పిల్లల తిండికి ఒక జింకను కొడితే దొంగవేటగాడు అయ్యాడు. వేటకూ దొంగవేటకూ మధ్య గీత గీసింది ఒక కాగితం. ఈ సంగతి గుర్తుపెట్టుకుని త్సావోకు వెళ్దాం.

త్సావో: విల్లు పట్టిన వాతా జాతి

కెన్యా తీరానికి లోపలి వైపున ముళ్లపొదల మైదానాల్లో వాతా అనే చిన్న జాతి ఉంది. పొరుగువాళ్లు వాళ్లను వలియంగులు అని కూడా పిలిచారు. వాళ్లకు పెద్ద పొలాలు లేవు, మందలు లేవు. ఏనుగు వేట వాళ్ల జీవితం. వాళ్ల విల్లు దాదాపు మనిషంత పొడవుంటుంది. దాన్ని పూర్తిగా లాగాలంటే 45 కిలోలకు మించిన బలం కావాలి. బాణానికి పూసే విషాన్ని అకోకాంతెర అనే చెట్టు నుంచి తీస్తారు. చెట్టు ముక్కలను గంటల తరబడి మరిగించి నల్లటి జిగురులా తయారుచేస్తారు. ప్రతి వేటగాడి బాణానికీ తన గుర్తు ఉంటుంది. ఏనుగు ఎక్కడో దూరంగా పడిపోయినా అది ఎవరి బాణమో ఆ గుర్తు చెబుతుంది. మాంసం ఊరందరికీ తిండి. దంతాలను తీరం నుంచి వచ్చే వర్తకులకు ఇచ్చి బట్ట, ధాన్యం తెచ్చుకునేవారు.

ఆ దంతాలు ఎక్కడికి పోయేవి? పడవల్లో అరేబియాకు, అక్కడి నుంచి దూర దేశాలకు. పెద్ద భాగం మన దేశానికే వచ్చేది. తూర్పు ఆఫ్రికా దంతానికి ఒకప్పుడు ముంబై పెద్ద మార్కెట్టు. గుజరాత్ ప్రాంతాల్లో పెళ్లికూతురి చేతికి వేసే దంతపు గాజుల కోసం ఆఫ్రికా ఏనుగు దంతం కావాలి. అంటే వాతా వేటగాడి బాణానికి ఒక కొస మన ఇళ్ల పెళ్లిళ్లలో ఉంది. ఆఫ్రికా దంతం అమ్మకాన్ని మన దేశం చట్టం ద్వారా ఆపింది 1991లో.

1948లో త్సావోను జాతీయ పార్కుగా ప్రకటించారు. 20 వేల చదరపు కిలోమీటర్లకు పైగా విస్తీర్ణం. ఒక్క ప్రకటనతో వాతా వేటనేలలో పెద్ద భాగం పార్కు అయింది. మరునాడు కూడా వాళ్లు చేసింది నిన్నటి పనే, కానీ ఇప్పుడది నేరం. తూర్పు త్సావో వార్డెన్ డేవిడ్ షెల్డ్రిక్, ఆయన తోటి అధికారులు 1950ల మధ్యలో పెద్ద ఎత్తున దొంగవేట వ్యతిరేక దాడులు నడిపారు. షెల్డ్రిక్‌కు ఏనుగుల మీద ఉన్న ప్రేమ నిజమైనది, అందులో అనుమానం లేదు. ఆ రోజుల్లో దంతాల వర్తకం బాగా పెరిగి ఏనుగులు పెద్ద సంఖ్యలో చస్తున్న మాటా నిజమే. కొద్ది కాలంలోనే వాతాలలో పేరున్న వేటగాళ్లలో చాలామంది జైలుకు పోయారు. తరాలుగా అన్నం పెట్టిన విద్య ఒక్క తరంలో నేరమైపోయింది. బదులుగా వాళ్ల చేతికి భూమి కానీ పశువులు కానీ రాలేదు.

ఇది అన్యాయమని కొందరు అధికారులకే తోచింది. 1960లో పార్కుకు తూర్పున గలానా నది ప్రాంతంలో ఒక పథకం పెట్టారు. అందులో వాతాలు చట్టబద్ధంగా, లెక్క ప్రకారం ఏనుగులను వేటాడతారు, దాని మీద బతుకుతారు. ఆలోచన మంచిదే. కానీ ఆ భూమి వాతాల పేరు మీద లేదు, లెక్కలు వాళ్ల చేతిలో లేవు, వాళ్లు అందులో కూలీలు మాత్రమే. కొన్నేళ్లకే పథకం ఆగింది. తర్వాత ఆ నేల పశువుల ర్యాంచ్‌గా మారింది.

వాతాలు పోయాక ఏమైంది?

విల్లులన్నీ పోయాయి కదా, ఏనుగులు బతికాయా? కొంతకాలం బాగా పెరిగాయి. 1970, 1971లలో వానలు మొహం చాటేశాయి. మేత లేక త్సావోలో వేల ఏనుగులు చచ్చిపోయాయి. పార్కు చుట్టూ ఉన్న కంబా రైతుల పొలాలు కూడా ఎండిపోయాయి. ఆకలితో ఉన్న జనానికి ఎదురుగా చచ్చిన ఏనుగుల దంతాలు కనిపించాయి. మొదట ఏరుకున్నారు. అంతలో ప్రపంచ మార్కెట్లో దంతం ధర లేచింది. 1960ల చివరి నుంచి 1970ల చివరికి అది పది రెట్లకు పైగా పెరిగింది. ఏరుకోవడానికి దంతాలు అయిపోయాక బతికున్న ఏనుగుల వంతు వచ్చింది.

ఆ తర్వాత సోమాలియా వైపు నుంచి ఆటోమేటిక్ తుపాకుల ముఠాలు దిగాయి. వాళ్ల వెనక వర్తకులు, లారీలు, ఓడరేవులు, దొంగ పర్మిట్లు. రాజధానిలో పలుకుబడి ఉన్నవాళ్లకు ఈ వ్యాపారంలో భాగం ఉందని ఆ రోజుల్లోనే విదేశీ పత్రికలు రాశాయి. కెన్యా 1977లో వేటను పూర్తిగా నిషేధించినా హత్యాకాండ ఆగలేదు. 1970ల ఆరంభంలో ఆ దేశంలో లక్షన్నరకు పైగా ఏనుగులుంటే 1989 నాటికి 20 వేల దరిదాపుకు దిగిపోయాయి. ఆఫ్రికా మొత్తం మీద 1979లో సుమారు 13 లక్షలున్న ఏనుగులు పదేళ్లలో 6 లక్షలకు పడిపోయాయి. 1989 జూలైలో కెన్యా అధ్యక్షుడు డేనియల్ అరప్ మోయ్ నైరోబీలో 12 టన్నుల దంతాలకు నిప్పు పెట్టాడు. ఆ ఏడాదే ప్రపంచ దేశాలు దంతాల అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాయి. కొనేవాడి తలుపు మూసుకున్నాక కెన్యాలో ఏనుగు చావులు బాగా తగ్గాయి.

ఈ కథలో రెండు విషయాలు గమనించండి. ఒకటి, విల్లు పట్టిన వాతాలను జైల్లో పెట్టినంత మాత్రాన ఏనుగులకు రక్షణ రాలేదు. అడవిలో ప్రతి అడుగుజాడా ఎరిగిన మనుషులు, బయటి ముఠా వస్తే మొదట పసిగట్టగలిగినవాళ్లు అక్కడ లేకుండా పోయారు. రెండు, పేదరికం ఒక్కటే ఏనుగును చంపలేదు. పేదరికం పక్కన కొనేవాడు వచ్చి నిలబడ్డప్పుడే అంత వినాశనం జరిగింది.

కడుపు కోసం ఉచ్చు, జేబు కోసం తుపాకి

దొంగవేటను ఒకే ముద్దగా చూడకూడదు. తాంజానియాలో సెరెంగెటి పార్కు పశ్చిమ అంచు గ్రామాల్లో వైర్లతో ఉచ్చులు పన్ని వలస వెళ్లే విల్డెబీస్ట్ జింకలను పట్టుకుంటారు. ఆ మాంసం ఇంట్లో వండుకుంటారు, కొంత సంతలో అమ్ముతారు. పశువులు తక్కువ ఉన్న ఇళ్లకు, పంట పోయిన ఇళ్లకు అదే కూర. ఇది కడుపు కోసం వేట. దీన్ని అర్థం చేసుకోవచ్చు, కానీ దీని నష్టం చిన్నది కాదు. ఉచ్చుకు చూలు జంతువని తెలియదు, పిల్ల అని తెలియదు. జింక కోసం పన్నిన వైరులో సింహం మెడ, ఏనుగు తొండం కూడా ఇరుక్కుంటాయి. ఊరి జనాభా పెరిగి, మాంసానికి పట్నం మార్కెట్టు తోడైతే కడుపు వేట కూడా అడవిని ఖాళీ చేస్తుంది. అడవి ఖాళీ అయితే మొదట పస్తులుండేది ఆ ఊరే.

రెండోది జేబు కోసం వేట. దక్షిణాఫ్రికాలో 2007లో దొంగవేటకు బలైన ఖడ్గమృగాలు 13. 2014లో 1,215. ఏడేళ్లలో అక్కడి పేదరికం అన్ని రెట్లు పెరగలేదు. పెరిగింది వియత్నాం, చైనాలలో కొమ్ముకు గిరాకీ. క్రూగర్ పార్కు సరిహద్దు అవతల మొజాంబిక్ గ్రామాల్లో పని లేని యువకులు ఉన్నారు. ముఠాలు వాళ్లకు తుపాకి, తిండి, అడ్వాన్సు ఇచ్చి రాత్రిపూట సరిహద్దు దాటించాయి. కొమ్ము చేతులు మారేకొద్దీ ధర పెరుగుతుంది. పెరిగిన డబ్బులో అడవిలోకి వెళ్లినవాడికి దక్కేది చాలా చిన్న వాటా. కాల్పుల్లో పోయే ప్రాణం మాత్రం పూర్తిగా వాడిదే. అవతలి వైపు తుపాకి పట్టుకుని కాపలా కాసే రేంజర్ కూడా చాలాసార్లు అలాంటి పేద ఊరి బిడ్డే. కొనుగోలుదారు మూడు దేశాల అవతల నిద్రపోతుంటాడు.

కావోకోవెల్డ్: ఊరి పెద్దలు పెట్టిన కాపలా

ఇప్పుడు నమీబియాకు వద్దాం. వాయవ్య మూలన కావోకోవెల్డ్ అనే ఎడారి కొండల ప్రాంతంలో హింబా, హెరెరో పశుపోషకులు ఉంటారు. 1980 ప్రాంతంలో అక్కడ ఘోరమైన కరువు వచ్చింది. పశువుల్లో అత్యధిక భాగం చచ్చిపోయింది. మందే గౌరవంగా బతికిన హింబాలు ప్రభుత్వం పంచే పిండి కోసం వరసలో నిలబడ్డారు. అప్పుడు ఆ దేశం దక్షిణాఫ్రికా పాలనలో ఉంది, సరిహద్దులో యుద్ధం జరుగుతోంది, ఊళ్లలోకి రైఫిళ్లు వచ్చాయి. మాంసం కోసం, తర్వాత దంతం, కొమ్ము కోసం వేట మొదలైంది. స్థానికులే కాదు, బయటి నుంచి వచ్చిన అధికారులు, సైనికులు కూడా వేటాడారు. ఎడారి ఏనుగులు, నల్ల ఖడ్గమృగాలు అంతరించే స్థితికి వచ్చాయి. ఇక్కడి దాకా ఇది త్సావో కథే.

1982లో గార్త్ ఓవెన్-స్మిత్ అనే సంరక్షకుడు అక్కడికి తిరిగి వచ్చాడు. దశాబ్దం కిందట అదే ప్రాంతంలో ఉద్యోగం చేసి, ప్రభుత్వానికి నచ్చక బయటికి పంపబడ్డ మనిషి. ఆయన వచ్చీరాగానే పెద్దమనుషుల దగ్గర కూర్చుని మాట్లాడాడు. జోషువా కాంగోంబె వంటి పెద్దలకు జంతువులు పోవడం ఇష్టం లేదని తేలింది. అవి తమవి కూడా అని వాళ్ల భావన. కానీ ప్రభుత్వం అవి తనవే అన్నట్టు నడుచుకుంటుంటే ఊరివాళ్లు ఎందుకు కాపలా కాస్తారు? అలా పెద్దలు తామే తమ ఊళ్ల నుంచి మనుషులను ఎంచి కాపలాదారులుగా పెట్టారు. వాళ్లలో వేటలో ఆరితేరినవాళ్లు ఉన్నారు. జీతం తక్కువ, కొంత డబ్బు, నెలకు సరిపడా తిండి సామాను. వాళ్లు జవాబు చెప్పుకోవలసింది ఊరి పెద్దకు. అడుగుజాడలు చూసి ఏ జంతువు ఎక్కడుందో, ఎవరు కొత్తగా వచ్చారో చెప్పడం వాళ్ల పని. కొద్ది సంవత్సరాల్లో దొంగవేట బాగా తగ్గిపోయింది. 1993లో ఓవెన్-స్మిత్‌కు, ఆయనతో పనిచేసిన మార్గరెట్ జాకబ్సన్‌కు గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది.

1990లో నమీబియా స్వతంత్రమైంది. 1996లో ఆ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఒక ప్రాంతం ప్రజలు సభ్యుల జాబితా రాసుకుని, హద్దులు తేల్చుకుని, నియమావళి పెట్టుకుని, కమిటీని ఎన్నుకుంటే అది కన్జర్వెన్సీ అవుతుంది. అక్కడి వన్యప్రాణుల మీద, పర్యాటకం మీద వచ్చే ఆదాయం ఆ ప్రజలదే. 1998లో మొదటి నాలుగు నమోదయ్యాయి. ఇప్పుడు 86 ఉన్నాయి, దేశ భూభాగంలో దాదాపు ఐదో వంతు వాటి కింద ఉంది. 1990ల మధ్యలో దేశంలో సుమారు 7,500 ఉన్న ఏనుగులు తర్వాత 20 వేలు దాటాయి.

అక్కడ అంతా బాగుందని చెప్పడం లేదు. సింహం మేకను ఎత్తుకుపోతే ఆ రాత్రి ఆ ఇంటికి కన్జర్వెన్సీ మీద కోపమే. ఆదాయం అన్ని ఇళ్లకూ సమానంగా అందదు. విదేశీయులకు డబ్బు కట్టించుకుని వేటకు అనుమతించడం సరైనదా అన్న వాదన ఇంకా నడుస్తోంది. భూమి ఇప్పటికీ ప్రభుత్వానిదే. కరోనా కాలంలో పర్యాటకులు రాక ఆదాయం కుప్పకూలింది. గత పదేళ్లలో ఖడ్గమృగాల దొంగవేట మళ్లీ తలెత్తింది. అదే దేశంలో ఎటోషా పార్కు నుంచి హైఓమ్ అనే సాన్ జాతిని 1950లలో వెళ్లగొట్టారు. ఆ గాయం నేటికీ మానలేదు. అయినా త్సావోతో పోల్చినప్పుడు తేడా స్పష్టం. కావోకోవెల్డ్‌లో ఏనుగు బతికుంటే తమకు ఏమిటి అన్న ప్రశ్నకు ఊరి దగ్గర ఒక జవాబు ఉంది.

2006 డిసెంబరు

పొరుగు దేశం బోట్స్వానాలో కలహారీ నడిబొడ్డున 1961లో ఒక పెద్ద అభయారణ్యం ఏర్పడింది. అక్కడి సాన్ జాతిని 1997లో, 2002లో ప్రభుత్వం బయటికి తరలించింది. వాళ్లు కోర్టుకు వెళ్లారు. 2006 డిసెంబరు 13న హైకోర్టు ఆ తరలింపు చట్టవిరుద్ధమని, వేట లైసెన్సులు నిరాకరించడం కూడా తప్పేనని తీర్పు చెప్పింది. కానీ తీర్పు తర్వాత కూడా వాళ్లకు వేట లైసెన్సులు దక్కలేదు.

అదే డిసెంబరులో మన పార్లమెంటు అటవీ హక్కుల చట్టాన్ని ఆమోదించింది. రెండు ఖండాల్లో ఒకే నెలలో అడవి మనిషికి చట్టం ముందు ఒక మాట దక్కింది. మన చట్టం వేట హక్కును ఇవ్వలేదు, స్పష్టంగా మినహాయించింది. కానీ మన ఉమ్మడి అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కును గ్రామసభకు ఇచ్చింది. ఈ రెండో మాట మన యువతలో చాలామందికి తెలియదు. నల్లమలలో చెంచు సోదరులు పులుల బేస్ క్యాంపుల్లో కాపలాదారులుగా, జాడలు చూసేవాళ్లుగా పనిచేస్తున్నారు. వాళ్ల చూపు లేకుండా అక్కడ పులుల లెక్క కూడా సరిగా సాగదు. కావోకోవెల్డ్‌లో వేట తెలిసినవాళ్లు చేసిన పనే ఇక్కడ జరుగుతోంది. తేడా ఏమిటంటే, అక్కడ కాపలాదారుణ్ణి ఎంచింది ఊరి పెద్ద. ఇక్కడ మన గ్రామసభ ఆ స్థాయికి ఇంకా రావలసి ఉంది.

మన వారపు సంతలకు కూడా అలుగు పొలుసులు, నక్షత్ర తాబేళ్లు, పులి గోళ్లు అడిగే మనుషులు రావచ్చు. అడ్వాన్సు ఇస్తారు, ఫోన్ నంబరు ఇస్తారు, తమ అసలు పేరు చెప్పరు. త్సావోలో దంతం కొన్నవాడు, క్రూగర్‌లో తుపాకి ఇచ్చినవాడు ఈ మనిషికి వరస కలుస్తారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పులి, అలుగు వంటి జంతువుల నేరానికి మూడు నుంచి ఏడేళ్ల జైలు. హాస్టళ్లలో చదువుకునే పిల్లల ఇళ్లలో సంపాదించే మనిషి మూడేళ్లు లేకపోతే ఆ చదువు ఏమవుతుందో మేము వేరే చెప్పనక్కర్లేదు.

కాబట్టి ఈ సంచిక చదివిన మీరు మీ గూడెంలో రెండు పనులు మొదలుపెట్టండి. మీ గ్రామసభకు సామాజిక అటవీ వనరుల హక్కు పత్రం వచ్చిందో లేదో కనుక్కోండి. రాకపోతే దరఖాస్తు రాయడానికి కూర్చోండి. రాత బాగా వచ్చినవాళ్లు మీరే. రెండోది, ఊళ్లో వేట తెలిసిన ముసలివాళ్ల దగ్గర కూర్చుని ఏ జంతువు ఏ కాలంలో ఎక్కడ తిరిగేదో, ఏ నెలలో వేట మానేవారో, ఏ జంతువును ఎందుకు ముట్టేవారు కాదో నోట్‌బుక్కులో రాసుకోండి. అడవి కాపలా గురించి రేపు గ్రామసభలో మాట్లాడేటప్పుడు ఆ నోట్‌బుక్కు మీ చేతిలో ఉండాలి.